పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు

బ్రాడీపేటలో నేను పనిచేసే లాబ్ పొద్దున ఆరున్నరకే తెరుస్తాం. పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్ళు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంటారు. మొన్న ఒక పెద్దాయన చొక్కా చేయి మడిచి నా ముందు కుర్చీలో కూర్చున్నాడు. సూది దించబోతుంటే ఆయన బుగ్గలో ఏదో కదిలింది. ఏమీ తినకూడదని చెప్పలేదా అండీ అని అడిగితే, "లవంగమమ్మా, పన్ను నొప్పికి. మింగను" అన్నాడు. ఆ మాటతో పాటే లవంగం ఘాటు స్పిరిట్ వాసనను పక్కకు తోసి నా ముఖానికి తగిలింది. దూది చేతిలో అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళ కిందటి తరగతి గది, నల్లబల్ల ముందు మస్తాన్‌వలీ మాస్టారు, ఆయన దగ్గరికి నోట్సు తీసుకెళ్ళి నిలబడితే తెలిసే ఆ లవంగం వాసన, అన్నీ ఒక్కసారి వచ్చేశాయి. పెద్దాయన "ఏమ్మా, నరం దొరకలేదా?" అని అడిగాడు. దొరికిందండీ అన్నాను.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి నేల. పత్తి, మిర్చి, కొందరికి పొగాకు. మా ఊరి హైస్కూల్లో మస్తాన్‌వలీ మాస్టారు లెక్కలు చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, కాగితం పొట్లంలో నాలుగు లవంగాలు. పన్ను పీకించుకోమని ఊరంతా చెప్పినా వినలేదు. ఆయనకు కోపం ఎక్కువ. కొట్టేవారు కూడా. కానీ ఎందుకు కొట్టారో చెప్పకుండా కొట్టేవారు కాదు. "ఇక్కడ గుర్తు మార్చలేదు, అందుకు" అని చెప్పి మరీ వీపు మీద ఒకటి వేసేవారు. నల్లబల్ల మీద ఆయన చేసిన లెక్క తప్పడం ఎవరూ చూడలేదు. ఆ మాట ఊళ్ళో గర్వంగా చెప్పుకునేవారు. ఆయనా కాదనేవారు కాదు.

ప్రతి ఏటా తొమ్మిదో తరగతికి ఆయన ఒక పాఠం చెప్పేవారు. అది పుస్తకంలో లేదు. బల్ల మీద ఒక ఒకటి పక్కన ఇంకో ఒకటి వేసేవారు. పదకొండు. "ఇది విరుగుతుందా?" విరగదండీ అనేవాళ్ళం. మూడు ఒకట్లు వేసేవారు. నూట పదకొండు. మూడు ముప్పై ఏడులు. విరిగింది. నాలుగు ఒకట్లు, పదకొండు ఇంటూ నూట ఒకటి. ఐదు ఒకట్ల దగ్గర మమ్మల్ని కాసేపు తంటాలు పడనిచ్చి, నలభై ఒకటి ఇంటూ రెండువందల డెబ్బై ఒకటి అని ఆయనే చెప్పేవారు. ఆరు ఒకట్లయితే మూడు, ఏడు, పదకొండు, పదమూడు, ముప్పై ఏడు, అన్నిటితోనూ పోతుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. అప్పుడు ఏడో ఒకటి వేసేవారు. వేసి, సుద్దముక్క జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మాటా విడిగా పలికేవారు. "పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. దీన్ని ఏదీ విరవలేదు. ఇది ప్రధాన సంఖ్య." పాఠం అక్కడితో అయిపోయేది. ఆ పేరు పలకడానికి ఎంత బాగుండేదంటే, మేము ఇంటికి వెళ్తూ దారి పొడుగునా దాన్నే పాటలా అనుకుంటూ వెళ్ళేవాళ్ళం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు నన్ను కల్లం దగ్గర కాపలా పెట్టారు. ఆరబోసిన మిరపకాయల్లోకి మేకలు రాకుండా చూడాలి. గంటకోసారి కాయను తిరగేయాలి. మబ్బు పడితే పట్టా కప్పాలి. మిగతా సమయమంతా తాటాకు పందిరి కింద కూర్చోవడమే. అన్నయ్య పాత నోట్సుల్లో సగం కాగితాలు ఖాళీగా ఉండేవి. నేను మాస్టారి ఏడు ఒకట్లను ఒక పేజీ మీద వేసుకుని భాగించడం మొదలుపెట్టాను. ఆయన మాట తప్పని నిరూపించాలన్న ఊహ కూడా నాకు లేదు. అది ఎలా విరగదో చూడాలనిపించింది, అంతే. ఎక్కడిదాకా భాగిస్తే చాలో ఆయనే నేర్పారు. వర్గమూలం దాకా. వెయ్యి యాభై నాలుగు వచ్చింది. అంతవరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటినీ ఒక జాబితా రాసుకుని, వరసగా ఒక్కోదానితో భాగించి, కొట్టేస్తూ వెళ్ళాను.

ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలేది. ఏడుతో ఒకటి మిగిలింది. పదమూడుతోనూ ఒకటే. నూరు దాటాక ఒక్కో భాగహారం అర పేజీ పట్టేది. మిరప ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి, చేత్తో తుడిస్తే ఇంకా మండేవి. అమ్మ వచ్చి కాయ తిరగేయలేదని తిట్టేది. తొమ్మిదో రోజు జాబితాలో యాభై రెండో సంఖ్య వచ్చింది. రెండువందల ముప్పై తొమ్మిది. నాలుగు పోయింది, ఆరు పోయింది, మళ్ళీ నాలుగు పోయింది, చివరికి రెండు వేల నూట యాభై ఒకటి ఉంది. తొమ్మిది రెండువందల ముప్పై తొమ్మిదులు ఎంతో పక్కన వేసుకున్నాను. రెండు వేల నూట యాభై ఒకటి. కింద సున్నా వేయడానికి చేయి రాలేదు. కొట్టేసి మొదటినుంచి చేశాను. మళ్ళీ అదే. తిప్పి గుణించాను. రెండువందల ముప్పై తొమ్మిది ఇంటూ నాలుగు వేల ఆరువందల నలభై తొమ్మిది. ఏడు ఒకట్లూ వరసగా వచ్చి నిలబడ్డాయి. సంతోషం కలగలేదు. మాస్టారి వస్తువేదో చేతిలోంచి జారి పగిలినట్టు భయం వేసింది.

మర్నాడు బడి వదిలాక వరండాలో ఆయన సైకిలు తాళం తీస్తుండగా వెళ్ళి నోట్సు చాపాను. ఆయన చూశారు. సైకిలు స్టాండు వేసి, సిమెంటు బల్ల మీద కూర్చుని, నా నోట్సులోనే కింద మళ్ళీ గుణించారు. లవంగం నములుతున్న దవడ ఆగిపోయింది.

"ఈ సంఖ్య నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. వరసగా చేసుకుంటూ వచ్చాను."

"పొన్నూరులో మీకు చుట్టాలెవరన్నా ఉన్నారా?"

ఆ ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. లేరండీ అన్నాను. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూసి, "సరే, ఎండ ముదరకముందు ఇంటికి వెళ్ళు" అన్నారు. కొట్టలేదు, మెచ్చుకోలేదు. ఆ రోజంతా నేను ఏదో పెద్ద తప్పు చేశాననే అనుకున్నాను.

మరుసటి రోజు మొదటి పీరియడుకే వచ్చి, హాజరు కూడా వేయకుండా, బల్ల మీద ఏడు ఒకట్లు వేశారు. పక్కన సమానం గుర్తు పెట్టారు. "మాధవీ, రా" అని సుద్దముక్క నా చేతికిచ్చారు. నేను రెండు సంఖ్యలూ వేశాను. ఆయన పిల్లల వైపు తిరిగారు. "నేను ఇరవై రెండేళ్ళుగా ఈ లెక్క తప్పు చెప్పాను. మా మాస్టారు నాకు అలా చెప్పారు. నేను నూట యాభై దాకా చేసి చూసి, ఇక పోదులే అనుకున్నాను. ఇంకో ఇరవై లెక్కలు కూడా ఓపిక పట్టలేదు. ఈ అమ్మాయి పట్టింది. రాసుకోండి." మేమంతా రాసుకున్నాం. ఆయన ఆ మాటను పది, ఎనిమిది తరగతుల్లోనూ చెప్పారు. సోమవారం ప్రార్థనలో బడి మొత్తానికీ చెప్పారు. హెడ్మాస్టరుగారికి అది నచ్చలేదు. "పిల్లల ముందు ఇలా చెప్పుకుంటే రేపు మన మాట వింటారా మాస్టారూ?" అని ఆయన అడగడం, ఈయన "విన్నారు కాబట్టే కదండీ ఇరవై రెండేళ్ళు తప్పు నేర్చుకున్నారు" అనడం వరండాలో నిలబడిన మేము విన్నాం. ఊళ్ళో కొందరు ఆయనకు ఏడొకట్ల మాస్టారని పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గర ఆయన వెళ్తుంటే ఆ మాట అని నవ్వేవారు. ఆయన ఆగి, వాళ్ళు తన పాత విద్యార్థులైతే, రెండువందల ముప్పై తొమ్మిదితో పోతుందని చెప్పి మరీ వెళ్ళేవారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మాస్టారు మా ఇంటికి వచ్చారు. నాన్న చేలో ఉన్నాడు. అమ్మ మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. "అమ్మా, మీ మాధవిని ఒక పూట పొన్నూరు తీసుకెళ్ళాలి. మీరు కూడా రండి" అన్నారు. ఎందుకని అమ్మ అడిగితే, "ఒకతనికి ఒక లెక్క చూపించాలి. నేను చూపిస్తే సరిపోదు" అన్నారు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, పొన్నూరు ఆంజనేయస్వామి దర్శనం ఎన్నాళ్ళనుంచో బాకీ ఉందని బయలుదేరింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, మా వైపు చూడకుండా, ఆ సంగతి చెప్పారు. పధ్నాలుగేళ్ళ కిందట మా ఊళ్ళోనే కోటేశ్వరరావు అనే కుర్రవాడు తొమ్మిదో తరగతిలో ఉండేవాడు. ఆయన ఏడు ఒకట్ల పాఠం చెప్పిన మర్నాడే లేచి, "అది రెండొందల ముప్పై తొమ్మిదితో పోతుందండీ" అన్నాడు. ఎలా తెలుసని అడిగితే సరిగా చెప్పలేకపోయాడు. కాగితం ఏదంటే లేదన్నాడు, బొగ్గుతో గోడ మీద చేశానన్నాడు. క్లాసు నవ్వింది. మాస్టారికి తనను ఎగతాళి చేస్తున్నాడనిపించింది. చెంప మీద కొట్టారు. ఎప్పుడూ కారణం చెప్పి కొట్టే మనిషి, ఆ రోజు చెప్పలేదు. చెప్పాలంటే లెక్క చేసి చూపించాలి కదా. నెల తిరక్కుండా ఆ పిల్లవాడు బడి మానేశాడు. పొగాకు ఎండబెట్టే బారనులో పనికి పెట్టారని విన్నారు. తర్వాత పొన్నూరులో మోటార్లు వైండింగ్ చేస్తున్నాడని ఎవరో చెప్పారు.

"ఈ అమ్మాయి వచ్చి అదే సంఖ్య చూపించినప్పుడు నాకు ఆ చెంపే కనిపించింది" అన్నారు.

అమ్మ, "అన్నేళ్ళ కిందటి దెబ్బ అతనికి మాత్రం ఏం గుర్తుంటుందిలే మాస్టారూ" అంది. ఆయనను ఓదార్చాలనే అంది.

కోటేశ్వరరావు వైండింగ్ షాపు బస్టాండుకు కొంచెం అవతల, వరి పొలాలకు నీళ్ళు తోడే మోటార్లన్నీ విప్పి పోసినట్టు ఉంది. వార్నిషు, కాలిన తీగ వాసన. ముప్పై దాటకుండానే జుట్టు సగం తెల్లబడిన మనిషి నేల మీద కూర్చుని, చుట్లు పైకి లెక్కపెట్టుకుంటూ రాగితీగ చుడుతున్నాడు. మాస్టారిని చూసి లెక్క ఆపలేదు. ఆ చుట్టు పూర్తి చేసి, తీగకు ముడి వేసి, అప్పుడు లేచి చేతులు తుడుచుకున్నాడు. "రండి మాస్టారూ" అని స్టూలు లాగాడు. ఆయన కూర్చోలేదు.

"కోటేశూ, రెండొందల ముప్పై తొమ్మిది" అన్నారు.

అతని చేతిలో గుడ్డ ఆగింది. "పోతుందండీ" అన్నాడు నెమ్మదిగా.

"పోయింది. ఈ అమ్మాయి చేసి చూపించింది. నువ్వు ఆ రోజే చెప్పావు. లెక్క చూడకుండా నిన్ను కొట్టాను. తప్పు నాది. ఆ మాట చెప్పడానికి వచ్చాను."

అతను నా వైపు చూశాడు. నేను నోట్సు తెరిచి చూపించాను. దాన్ని చేతిలోకి తీసుకోకుండా, మసి అంటుకుంటుందని కాబోలు, వంగి చూశాడు. పెదవులు కదుపుతూ అంకె అంకె చదివాడు. చివరి సున్నా దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.

"బడి మానేసింది దానికి కాదులెండి. మా నాన్నకు బాగోలేక, బారనులో పెట్టారు" అన్నాడు. మళ్ళీ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి. "దానిక్కూడాలెండి" అన్నాడు.

మాస్టారు తల వంచుకున్నారు.

"దెబ్బ సంగతి కాదు మాస్టారూ. దెబ్బలు అందరం తిన్నాం. ఇంటికెళ్ళి మళ్ళీ రెండుసార్లు చేశాను. రెండుసార్లూ సున్నానే వచ్చింది. అయినా మీరు కాదన్నారు కదా. మీ లెక్క తప్పదు కదా. నాకు కనపడనిది ఏదో ఉందనుకున్నా. భాగహారమే నాకు సరిగా రాదేమోననుకున్నా. ఇప్పటికీ ఏ లెక్కైనా మూడుసార్లు చూస్తాను. ఈ చుట్లు కూడా. నా సున్నా మీద నాకు నమ్మకం పోయింది."

ఆ మాట అతను గట్టిగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు అప్పుడు కూర్చున్నారు, స్టూలు మీద కాదు, కింద, తీగ ముక్కల మధ్య. ఆయన తెల్ల పంచెకు నూనె అంటింది. "ఎలా కనుక్కున్నావో చెప్పు. ఆ రోజు వినలేదు. ఇవాళ వింటాను" అన్నారు.

కోటేశ్వరరావు వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత ఏమనుకున్నాడో, మోటార్ల మీద నంబర్లు వేసుకునే సుద్ద తీసి, గచ్చు మీద గొంతుకూర్చున్నాడు. నన్ను అడిగాడు. "పాపా, నువ్వు ఎన్నింటితో చేశావు?"

"యాభై రెండింటితో అండీ."

మొదటిసారి అతని ముఖం విప్పారింది. "నేను ఎనిమిదింటితోనే చేశాను. చూడు. మూడు ఒకట్లను విరిచింది ముప్పై ఏడు. అందులో ఒకటి తీసేయ్. ముప్పై ఆరు. మూడుతో పోతుంది. ఐదు ఒకట్లను విరిచినవి నలభై ఒకటి, రెండొందల డెబ్బై ఒకటి. ఒక్కోటి తీసేయ్. నలభై, రెండొందల డెబ్బై. రెండూ ఐదుతో పోతాయి. మరి ఏడు ఒకట్లను విరిచేది ఉంటే, అందులో ఒకటి తీసేస్తే ఏడుతో పోవాలా వద్దా? అలాంటివి ఏరాను. ఇరవై తొమ్మిది, నలభై మూడు, డెబ్బై ఒకటి, నూట పదమూడు, నూట ఇరవై ఏడు, నూట తొంభై ఏడు, రెండొందల పదకొండు. ఎనిమిదోది ఇది."

తొమ్మిది మధ్యాహ్నాలు ఎండలో నేను తోసుకుంటూ వెళ్ళిన దారికి పక్కనే ఇంత నీడ దారి ఉందని నాకు తెలియలేదు. "ఇంకో ముక్క ఉంది కదా, నాలుగు వేల ఆరువందల నలభై తొమ్మిది. దాన్ని చూడు" అన్నాడు. ఒకటి తీసేసి ఏడుతో భాగించాను. ఆరువందల అరవై నాలుగు. ఏమీ మిగల్లేదు. మాస్టారు బడిపిల్లవాడిలా చేయి ఎత్తారు. "మూడు ఒకట్లను మూడు కూడా విరుస్తుంది కదా కోటేశూ. మూడులో ఒకటి తీసేస్తే రెండు. అది మూడుతో పోదు."

"అదొక్కటీ కుదరలేదండీ. ఎందుకో నాకు తెలియదు. అందుకే ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను."

"నాకూ తెలియదు. కనుక్కుంటాను" అన్నారు మాస్టారు.

కనుక్కున్నారు. గుంటూరులో ఒక కాలేజీ లెక్చరరు దగ్గరికి నాలుగుసార్లు తిరిగి, ఒక పాత పుస్తకం తెచ్చుకుని, ఆ వేసవంతా చదివారు. మూడు తొమ్మిదిని భాగిస్తుంది కాబట్టి దాని దారి వేరని, మిగతావాటన్నిటికీ కోటేశూ చెప్పింది నిజమేనని తేల్చుకున్నారు. ఆ నిరూపణను నాకు చెప్పకముందే పొన్నూరు వెళ్ళి అతనికి చెప్పి వచ్చారు. తర్వాత చాలా ఏళ్ళు నెలకో ఆదివారం అక్కడికి వెళ్ళేవారు. ప్రైవేటుగా పది రాయమని కోటేశ్వరరావును ఎంతో బతిమాలారు. అతను ఒప్పుకోలేదు. "ఇప్పుడు చదువెందుకండీ, లెక్కయితే చేద్దాం రండి" అనేవాడట. ఏడు ఒకట్ల తర్వాత పదకొండు ఒకట్లు పట్టుకున్నారు ఇద్దరూ. అది కూడా విరుగుతుంది గానీ, ఇరవై ఒక్క వేలు దాటాక గానీ విరిచేది దొరకదు. మూడేళ్ళు పట్టిందట. పందొమ్మిది ఒకట్లయితే దేనితోనూ విరగదని ఆ పుస్తకంలో ఉందట. మాస్టారు ఆ సంగతి నాకు చెప్పినప్పుడు, "పుస్తకంలో ఉంది. నేను చేసి చూడలేదు. అలాగే చెప్పు ఎవరికన్నా" అన్నారు. పొన్నూరు వెళ్ళి వచ్చాక ఆయన పిల్లలను కొట్టడం మానేశారు. మానేస్తున్నానని ఎక్కడా చెప్పలేదు, మేమే కొన్నాళ్ళకు గమనించాం. ఎవరైనా లేచి తప్పండీ అంటే, సుద్దముక్క చాపి పక్కకు జరిగేవారు.

నేను లెక్కల్లోకి వెళ్ళలేదు. త్వరగా ఉద్యోగం దొరికే చదువు కావాల్సి వచ్చి, లాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి గుంటూరు చేరాను. మాస్టారు నొచ్చుకుంటారని భయపడ్డాను. ఆయన మాత్రం, "రక్తంలో కణాలు లెక్కపెడతారటగా. మంచిదే" అన్నారు.

ఐదారేళ్ళ కిందట నా చేతుల్లో ఒక తప్పు జరిగింది. ఒకే పొద్దున నాగమణి అనే పేరుతో ఇద్దరు వచ్చారు. ఒకామెది పెదకాకాని, ఇంకొకామెది ప్రత్తిపాడు అవతల పల్లె. ఇద్దరికీ కిడ్నీల పరీక్ష. లేబుళ్ళు నేను అతికించాను, తారుమారు చేశాను. మర్నాడు మధ్యాహ్నం రిజిస్టరు చూస్తుంటే వయసులు కలవక తెలిసింది. పెదకాకాని ఆమెకు ఏమీ లేకపోయినా కిడ్నీలు దెబ్బతిన్నాయని రాసిచ్చాం. నిజంగా జబ్బున్న ఆమెకు అంతా బాగుందని ఇచ్చి పంపాం. ఫారాల మీద ఉన్న నంబర్లు వాళ్ళను పంపిన ఊరి వైద్యులవి. ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. కొత్త రిపోర్టులు తీసి మనిషితో పంపించు, నువ్వు వెళ్తే గొడవవుతుంది అన్నారు లాబ్ యజమాని. నేనే వెళ్తానని చెప్పి ఆటో ఎక్కాను. పెదకాకానిలో ఆ నాగమణి నిన్నటినుంచి అన్నం ముట్టలేదట. వాళ్ళ తమ్ముడు నన్ను గట్టిగానే తిట్టాడు. ఆమె మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది, మజ్జిగ ఇచ్చింది. అక్కడినుంచి ప్రత్తిపాడు వైపు వెళ్ళేసరికి సాయంత్రమైంది. రెండో నాగమణి పత్తి చేలోనుంచి అప్పుడే వస్తోంది. బాగుందన్నారు కదా అని పొద్దుటినుంచీ పనిలోనే ఉంది. నేను చెబుతుంటే ఆమె నవ్వు ముఖం మీద అలాగే ఉండి, నెమ్మదిగా తగ్గిపోయింది. మర్నాడే ఆసుపత్రిలో చేరింది. ఒక రోజు ఆలస్యం వల్ల నష్టమేమీ జరగలేదని డాక్టరుగారు చెప్పారు. ఇప్పటికీ మందులతో బాగానే ఉంది.

ఆ సందర్భంలో నాకు మాస్టారే గుర్తొచ్చారు. ఆయన నేర్పిన పనే చేశానని, చెబితే సంతోషిస్తారని, తర్వాత ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. మోకాళ్ళు పట్టేసి మంచం మీదే ఉండేవారు. పన్నూ లేదు, దవడ లోపలికి పోయింది. నేను మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

"ముందు ఎవరి దగ్గరికి వెళ్ళావు?" అని అడిగారు.

"పెదకాకానికండీ. దగ్గర కదా."

"దగ్గరని వెళ్ళావా?"

కాదని నాకే తెలుసు. ఆమెకు చెప్పాల్సింది మంచి మాట. రెండో ఆమెకు చెప్పాల్సింది చెడ్డ మాట. ఆలస్యమైతే ప్రమాదం ఎవరికో నాకు ఆటో ఎక్కేటప్పుడే తెలుసు. ఆ మధ్యాహ్నమంతా నేను తేలికైన గుమ్మం ముందు గడిపాను, మజ్జిగ కూడా తాగాను.

మాస్టారు నన్ను తప్పు పట్టలేదు. కప్పుకున్న దుప్పటి అంచు సరిచేసుకుంటూ చెప్పారు. "నేనూ అంతేనమ్మా. క్లాసుకు మర్నాడే చెప్పాను. బడి మొత్తానికీ సోమవారమే చెప్పాను. అందరూ ఆహా అనుకున్నారు. పొన్నూరు వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. రెండు ఆదివారాలు బస్సెక్కి, సగం దారిలో దిగి వెనక్కి వచ్చాను. మీ అమ్మను, నిన్ను వెంటబెట్టుకున్నది నువ్వు లెక్క చూపించడానికి కాదు. మీరుంటే దిగిపోనని." నా వైపు తిరిగి, "ఎవరికి చెప్పడానికి కాళ్ళు రావో, వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళాలి. నాకు చాతకాలేదు. నువ్వు నేర్చుకో" అన్నారు.

ఆయన పోయి రెండేళ్ళవుతోంది. కోటేశ్వరరావు వచ్చి, మట్టి ఇచ్చేదాకా నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడని అమ్మ చెప్పింది. నేను ఆ రోజు డ్యూటీలో ఉండి అందుకోలేకపోయాను. లాబులో పని చేసేవాళ్ళకు తప్పులు జరగకుండా ఉండవు. ఎంత మూడుసార్లు చూసినా ఏడాదికి ఒకటో రెండో జరుగుతాయి. అలా ఇద్దరివి తారుమారైన ప్రతిసారీ రిపోర్టు కవర్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపుతాను. ఎక్కడికమ్మా అని డ్రైవరు అడుగుతాడు. ముందుగా నోటికి వచ్చే ఊరి పేరు మింగేసి, రెండోది చెబుతాను.